అన్నవాడే ముందు దిగాలి

మాచర్ల దగ్గర నాపరాయి గనుల్లో దేవానందం మేస్త్రీ అంటే పడని వాళ్లే ఎక్కువ. నోటి దురుసు మనిషి. మోకు తాడు విషయంలో మాత్రం అతన్ని వేలెత్తి చూపేవాడు లేడు. లోతు గుంతలోకి దిగే మోకు పాతబడితే, “ఏం కాదు, ఆగుద్ది” అన్నవాడే ముందు దిగాలని అక్కడి కట్టుబాటు. ఒకసారి గని యజమాని బ్రహ్మయ్య ఆ మాట అని, తాను మాత్రం దిగనన్నాడు. దేవానందం గొడ్డలి తీసుకుని మోకును నరికి అతని కాళ్ల ముందు పారేశాడు. పని ఊడింది. వేరే గనిలో చేరాడు.

అలాంటివాడి కొడుకు జోసెఫ్ మిలటరీలో హెలికాప్టర్ మెకానిక్. ఎనభై ఆరు ఎండాకాలంలో అతను ఎక్కిన హెలికాప్టర్ కొండల్లో కూలింది. పెట్టె వచ్చింది. తెరవొద్దన్నారు. తల్లి కృపామణి ఆ చెక్కకే ముఖం ఆనించి ఏడ్చింది.

సమాధి చేసిన మర్నాడు హనుమంతరావనే కుర్ర ఆఫీసరు పలకరించడానికి వచ్చాడు. బెజవాడవాడు. దేవానందం కుర్చీ వేయలేదు, మంచినీళ్లు ఇవ్వనివ్వలేదు. ఆ హెలికాప్టర్ ఎగరదగ్గది కాదని అతని నోటితో ఒక్క మాట చెప్పించాలని పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నాడు.

“అదెప్పటిదయ్యా?”

“జోసెఫ్ పుట్టకముందుదండీ. అయినా ఫిట్‌గానే ఉందని పైవాళ్లు సంతకం పెట్టారు.”

“ఆళ్లెక్కారా దాంట్లో? మా కాడ మోకు బాగుందన్నోడే ముందు దిగుతాడు. నువ్వెక్కుతావా, ఆఁ?” అంటూ చొక్కా పట్టుకున్నాడు. కృపామణి అడ్డుపడలేదు.

హనుమంతరావు విడిపించుకోలేదు. “దాని జతది ఇంకోటుందండీ, అదీ అంత పాతదే. వచ్చే వారం నేనే నడపాలి.”

దేవానందం పట్టు సడలింది. కోపం మాత్రం పోలేదు. కొట్టాల్సినవాళ్లు ఎక్కడో ఫ్యాన్ల కింద కూర్చుని ఉంటే, చేతికి దొరికింది చావబోయేవాడు.

“ఎక్కమాక! ఉజ్జోగం పోతే పోయిద్ది. ఎక్కమాకరా అబ్బాయ్!”

“కొత్తది తయారవుతోందండీ. ఒకసారి ఇంజను కుదరలేదన్నారు, ఇంకోసారి డిజైన్ మార్చాలన్నారు. వచ్చే ఏడు ఇచ్చేస్తారంట. అప్పటిదాకా వీటితోనే నెట్టుకురావాలి.”

కృపామణి అప్పుడు నోరు విప్పింది.

“పోయిన కిస్మస్‌కొచ్చినప్పుడు మావోడూ ఇదే చెప్పాడు నాయనా. వచ్చే ఏడే అన్నాడు.”