యాదమ్మక్క తెచ్చిన రెండు కిలోలు

మా డయాలిసిస్ గదిలోని ఆరు మిషన్ల మీద ఒట్టు, కింద రాసిన ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్లు అప్పుడే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి.

2023 వేసవి. శంషాబాద్‌లో ఒక చిన్న సెంటర్‌లో నేను టెక్నీషియన్ని. నాలుగు గంటలు సూదులతో కదలకుండా పడుకునేవాళ్లకు కాలక్షేపం కావాలి కదా! అందుకని పైన విమానం వెళ్లినప్పుడల్లా దాని పైలట్ నా చిన్ననాటి దోస్తని చెప్పేవాణ్ణి. రోజుకు ఇరవైమంది దోస్తులు.

కందుకూరు దగ్గరి పల్లె నుంచి సోమ, బుధ, శుక్రవారాలు యాదమ్మక్క వచ్చేది. యాభై దాటిన మనిషి. ఎకరంలో టమాట పండించేది. ఆమె కిడ్నీలు ఆగిపోయి అప్పటికి ఆరేళ్లు.

కిడ్నీ ఆగితే తాగిన నీళ్లు బయటికి పోవు, ఒంట్లోనే బరువై నిలుస్తాయి. ఆ నీరు లేనప్పటి బరువును డ్రై వెయిట్ అంటాం. వచ్చినరోజు బరువులోంచి దాన్ని తీసేస్తే మిషన్ ఎంత లాగాలో తెలుస్తుంది. తక్కువ లాగితే ఆయాసం. ఎక్కువ లాగితే బీపీ పడిపోయి కాళ్లు కొంకర్లు పోతాయి.

యాదమ్మక్క పొద్దున్నే అరలీటరు సీసా నింపుకునేది. ఆ రోజుకు అంతే. కప్పు టీ తాగితే, కప్పు నీళ్లు సీసాలోంచి మిరపమొక్కకు పోసేసేది. పప్పు పలచనైతే ఇంకో గుక్కెడు పోసేది. మండే ఎండలో, పక్కనే బోరు నీళ్లు పారుతుంటే, ఆరేళ్లు! ఒక్కరోజు అలా బతికి చూద్దామని నేనూ మొదలుపెట్టాను. పదకొండింటికి ఓడిపోయాను.

ఆ సోమవారం అందరికంటే ముందొచ్చి, కాంట ఎక్కకముందే అంది: "తమ్మీ, ఇయ్యాల రెండు కిలోలు తెచ్చిన. రాసుకో."

ఆమె డ్రై వెయిట్ నలభై ఎనిమిది. కాంట 51.3 చూపింది.

"మూడు కిలోల మూడొందలక్కా! నిన్న దావత్‌కు గిట్ల పోయినవా?"

"పోలే. నీ కాంట తప్పు."

"కొత్తదక్కా."

"కొత్తదైతే ఏంది? నీ దగ్గర్నే ఉంటున్నది గద, అబద్ధాలు మరిగింది."

చీర కుచ్చెళ్లు జర పైకి పట్టుకుని కాలి వెండి కడియం తిప్పింది. గుండ్రంగా తిరిగింది.

"రెండైతే తిరుగుతది. మూడైతే కాలు ఉబ్బి తోలు పట్టుకుంటది. నువ్వు మూడు గుంజితే రేపు నేను లేవ. రేపే కోత. ఒక్కదినం ఆగితే ఈ ఎండకు పండంత పగుల్తది తమ్మీ."

నేను ఆగాను. ఆమెను దింపి చూస్తే, ఎవరూ ఎక్కని కాంట 1.3 చూపిస్తోంది. ఆ పొద్దున నేల తుడిచాక, కాళ్లు జారకూడదని ఎవరో దాని మీద కొత్త రబ్బరు చాప పరిచారు. మార్కెట్లో ఖాళీ ట్రే తూకం తీయకుండా ఎవడూ టమాట కొనడు. మనిషిని మాత్రం నేను చాపతో కలిపి తూచాను. చాప తీస్తే సరిగ్గా యాభై. రెండు లీటర్లే లాగాను. మర్నాడు ఆమె కోతకు పోయింది.

ఇందులో కల్పన ఏదో చెప్పేస్తాను. సీసా నిజం. కడియం నిజం. చాప నిజం. నేను ఆగాను అన్నానే, అదీ, ఆ తర్వాత కోతా అబద్ధం.

నిజానికి నవ్వేసి, మిషన్‌కు మూడు లీటర్ల మూడొందలు పెట్టాను. మూడో గంటలో ఆమె కాళ్లు కొంకర్లు పోయాయి, బీపీ జారిపోయింది. లాగడం ఆపి సెలైన్ ఎక్కించాను. కళ్లు తెరిచి ఆమె అన్న మొదటి మాట: "ఇగ పో, కాంట జూసిరా."

అప్పుడు చూశాను, చాపని.

మర్నాడు ఆమె మంచం దిగలేదు. పండు పగిలింది. బుధవారం మాత్రం వేళకు వచ్చి నా ముందు నిలబడింది. తిట్టలేదు.

"కిలోంబావు," అంది.

రాసుకున్నాను. ఆ తర్వాతే కాంట వైపు చూశాను. ఇప్పటికీ, ఎవరొచ్చినా, అదే వరస.