చివరి షిఫ్టు రోజు విత్తనాల లేబుళ్లు

పెద్దపల్లికి పోవాల్సిన వరి విత్తనాల సంచి లేబుల్ మీద హుజూరాబాద్ అని పడింది. మంథని సంచికీ హుజూరాబాదే. నిద్రలో నడిచే మనిషిలా ప్రింటరు ఒకే దుకాణం పేరును మళ్లీ మళ్లీ బయటికి తోస్తోంది.

అలేఖ్య తల పట్టుకుంది. కరీంనగర్‌లో విత్తన కంపెనీలకు లేబుళ్లు తయారుచేసే చిన్న ఆఫీసు అది. ఈరోజు ఆమె సగం రోజు సెలవు అడిగి పెట్టుకుంది. బొగ్గుబాయిలో తండ్రి పోశంకు ఇది ఆఖరి షిఫ్టు. చివరిసారి పైకి వచ్చే మనిషికి ఇంటివాళ్లు గేటు దగ్గర దండ వేసి తీసుకుపోవడం వాళ్ల కాలనీలో రివాజు. నల్లటి ముఖంతో వచ్చే ఆ మనిషికి ఎదురుగా తాను నిలబడాలి. బస్సుకు రెండు గంటలు పట్టే దారి.

“సంపతన్నా, లేబుళ్లు అచ్చుగొట్టే గీ స్టైల్‌షీటును ఎవలు ముట్టిన్రు?”

“నేనే. జర నీట్‌గ జేసిన. వేరియబుల్‌ను లూపులకెల్లి తీసి పైన పెట్టిన. ఒక్కపారి రాస్తే అన్నిటికి పనికొస్తది గదా!”

సంపత్ ఓనరుకు బావమరిది. కోపం పళ్ల మధ్యే ఆగిపోయింది.

“లూపు ఒక్కో సంచిని చేతుల పట్టుకుంటది అన్నా. గప్పుడే దాని దుకాణం నంబరు వేరియబుల్ల దాచుకోవాలె. పైన చేతుల ఏ సంచి లేదు. అన్ని సంచుల నంబర్లు కుప్పవడ్డయి. ఏ దుకాణాన్ని అడిగినా సరిపోయిందనే అంటది. జాబితాల ముందున్నది హుజూరాబాద్, గదే పడుతుంది.”

“అయితే వేరియబులే వద్దు. దుకాణాన్ని వెతికే బ్రాకెట్లనే సంచి మీది నంబరు అడుగు.”

“బ్రాకెట్ల లోపలికి పోయినంక మనం అడిగేది దుకాణాన్ని. దుకాణం కాడ సంచి మీది నంబరు ఎక్కడుంటది?”

ఫోను మోగింది. తల్లి రాజక్క. “యాడిదాంక వచ్చినవే?”

“ప్రింటర్ కాడనే ఉన్న అవ్వా.”

“అయితే దండ దానికే ఏసి రా!”

ఫోను పెట్టి తిరిగేసరికి లేబుళ్లు ఖాళీగా వస్తున్నాయి. పేరు లేదు, ఊరు లేదు. మంచు కమ్మిన పొలాల్లాంటి తెల్లటి చీటీలు.

“మళ్ల ఏం జేసినవే అన్నా?”

“వేరియబుల్‌కు కోట్స్ పెట్టిన. పేరు గదా, కోట్స్‌ల ఉండాలె అనుకున్న.”

“కోట్స్ పెడితే గది వేరియబుల్ గాదు, ఉత్త అక్షరాలు! గా పేరుతోటి దుకాణం నంబరుంటదా?”

అతణ్ని కుర్చీలోంచి లేపి, కోట్స్ తీసేసి, వేరియబుల్‌ను మళ్లీ లూపులోకి తెచ్చింది. సంచి చేతికి వచ్చాక, బ్రాకెట్లలోకి అడుగు పెట్టకముందు. ఒకే ఒక్క లైను. దాని కోసం పొద్దంతా పోయింది. మొదటి లేబుల్ మీద పెద్దపల్లి అని పడగానే తన బ్యాగు భుజాన వేసుకుని బస్టాండుకు పరుగెత్తింది.

బస్సులో మళ్లీ ఫోను. ఈసారి సంపత్.

“చెల్లే, గా లైను రెండుసార్లు పెడితే ఇంకా పక్కా ఉంటదా?”

“ముట్టకు!” అని అరిచింది. బస్సంతా ఆమె వైపు తిరిగింది.

గేటు దగ్గర జనం పలచబడ్డారు. రాలిన బంతిరేకులు బొగ్గుదుమ్ములో నిప్పురవ్వల్లా ఉన్నాయి. దీపాలిచ్చే గది కిటికీలోంచి అక్కడి గుమస్తా హనుమండ్లు గొంతు వినిపిస్తోంది. గనిలోకి దిగేటప్పుడు ప్రతి మనిషీ తన ఇత్తడి టోకెన్ అక్కడి మేకుకు తగిలించి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి టోకెన్ తీసుకుంటాడు. టోకెన్ వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు.

“పోశం, నీకు దండం పెడత, గా టోకెన్ తీస్కో! నువ్వింక లోపల్నే ఉన్నట్టు అయితుంది. నాకు షిఫ్టు మూయరాకుండయింది!”

“నా బిడ్డ రాలే. గప్పటిదాంక లోపల్నే ఉన్ననుకో,” అన్నాడు కిటికీ బయట నిలబడ్డ పోశం.

“పైకొచ్చినకాడికెల్లి గిదే పంచాయితి,” అంది రాజక్క, వాడిన దండతో చెమట తుడుచుకోబోయి ఆగి.

“బాపూ!” అలేఖ్య ఆయాసపడుతూ కిటికీ దగ్గరికి వచ్చింది. “గీ మొండితనమేంది? హనుమండ్లు మామను పరేషాన్ జేసుడేంది?”

పోశం కూతుర్ని ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. కిటికీలోకి చెయ్యి చాపి, మేకు నుంచి టోకెన్ తీశాడు.

“రాసుకో హనుమండ్లు,” అన్నాడు. “ఇప్పుడచ్చిన పైకి.”