మూడు పుట్టినరోజులు

నాకు మూడు పుట్టినరోజులున్నాయి. ఒకటి బడిలో రాయించింది. చేర్చుకునే వయసు నిండినట్టు కనబడాలని హెడ్మాస్టరుగారు తనకు తోచిన తేదీ ఒకటి వేసేశారు. రెండోది పెళ్ళి కోసం రాయించిన జాతకంలోది. మూడోది నేను నిజంగా పుట్టినది. ఆ మూడోది అత్తవారింట ఎవరి దగ్గరా నోరు జారి చెప్పకూడదని మా అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

మా పుట్టిల్లు రేపల్లె. నేను పుట్టింది రాత్రి బాగా పొద్దుపోయాక. ఆ వేళను బట్టి జాతకం వేస్తే కుజదోషం ఉందన్నారు. కుజదోషం ఉన్న పిల్లను చేసుకుంటే మొగుడి ప్రాణానికి ముప్పని మా వాళ్ళ నమ్మకం. వచ్చిన ప్రతి సంబంధమూ ఆ మాట దగ్గరే వెనక్కి పోతుంటే, అమ్మ జాతకాలు రాసే ఆయన్ని బతిమాలి నన్ను మర్నాడు పొద్దున పుట్టించింది. వేళ మారింది, దోషం పోయింది, దాంతోపాటు తేదీ కూడా మర్నాటిదయింది. ఆ జాతకంతోనే తెనాలి సంబంధం కుదిరింది.

కాగితం మీద పోయిన దోషం నాలో మాత్రం పోలేదు. మా ఆయనకు జలుబు చేసినా నాకు భయమే. దానికి తోడు ఆయన ఉద్యోగం సరుకుల ఓడలో, ఇంజను గదిలో. నాలాంటిదానికి నేల మీద ఉద్యోగం చేసుకునే మొగుణ్ణి చూడాల్సింది. కానీ అప్పటికి మా అమ్మకు వచ్చిందే మహాభాగ్యం.

తొంభైలు అయిపోవస్తున్న రోజులు. ఓడ ఎక్కబోయే ముందు ఆయన నన్ను బాపట్ల తీసుకెళ్ళారు. పెళ్ళికి ముందు చాలాకాలం ఆయన అక్కడే గది అద్దెకు తీసుకుని ఉండేవారు. ఆ ఊళ్ళో ఆయన స్నేహితుడొకాయన కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళాం. కంప్యూటర్లకు దుమ్ము తగలకూడదట. లోపల ఏసీ చలికి నాకు పళ్ళు టకటకలాడితే, బయట బెంచీ మీదకు వచ్చి ఎండలో కూర్చున్నాను. కాసేపటికి ఆయన వచ్చారు.

"నీ పేరు మీద ఈమెయిల్ తెరిచాను. అడిగినవన్నీ నేనే నింపేశాలే. పాస్‌వర్డ్ మాత్రం ఎవ్వరికీ చెప్పకు."

"మీక్కూడానా?"

"నాకు చెప్పడానికేముంది, పెట్టింది నేనేగా!"

అప్పుడు నవ్వుకున్నాను. ఏమేం నింపారని అడగాలని తోచలేదు.

తెనాలిలో మా వీధి చివరే ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. వారానికోసారి వెళ్ళేదాన్ని. ఆయన ఏ రేవులో ఆగితే అక్కణ్ణించి, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపేవారు. నేను ఇంటికి వచ్చి అత్తయ్యకు చెప్పేదాన్ని. మామగారు పోయి చాలా ఏళ్ళయింది, ఇంట్లో మేమిద్దరమే. అత్తయ్య మంచిదే కానీ మాట కత్తి. కూరలో ఉప్పు తగ్గినా పుట్టింటి దాకా వెళ్ళేది ఆ మాట. ఇక జాతకం సంగతి తెలిస్తే ఎక్కడిదాకా వెళుతుందో నేను ఊహించుకోవడానికే భయపడేదాన్ని.

ఒక వారం, పాస్‌వర్డ్ మార్చుకోమని తెర మీద ఏదో వచ్చింది. కంగారుపడి కొత్తది కొట్టాను. ఆ కీబోర్డు అరిగిపోయింది, కొన్ని అక్షరాలు గట్టిగా నొక్కితే తప్ప పడవు. ఏం కొట్టినా కనబడేది చుక్కలేనాయె. కొట్టిందనుకున్నది పడలేదని మరుసటి వారం తెలిసింది. ఎన్ని రకాలుగా కొట్టినా తప్పు, తప్పు అంది. మళ్ళీ వారం చూద్దాంలే అనుకుని వచ్చేశాను.

ఆ మళ్ళీ వారం రాకముందే పేపర్లో వార్త వచ్చింది. ఎక్కడో దూరపు సముద్రంలో తుఫానుకు సరుకుల ఓడ మునిగిందని, అందులో మనవాళ్ళు కూడా ఉన్నారని. ఓడ పేరు వేయలేదు. ఆయన చివరి మెయిల్‌లో వెళ్ళబోతున్నామని రాసింది ఆ సముద్రంలోకే. ఎదురింటి వాళ్ళ ఫోన్‌లో కంపెనీ ఆఫీసుకు చేస్తే, వివరాలు ఇంకా రాలేదు, మళ్ళీ చెయ్యండి అన్నారు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. అత్తయ్య పేపరు మడిచి దేవుడి పటం దగ్గర పెట్టింది.

"ఆ కంప్యూటర్లో చూడవే. వాడేమన్నా రాశాడేమో" అంది.

"పాస్‌వర్డ్ పోయిందత్తయ్యా."

"పోతే? తాళంచెవి పోతే ఇల్లు వదిలేసుకుంటామా? పద, నేనూ వస్తాను."

సెంటర్ నడిపేది మా వీధి ఆయనే. సంగతి విని గబగబా ఏవో నొక్కాడు. ఫోన్ లైను కీచుకీచుమని అరిచి అరిచి కలిసింది. పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది ఇచ్చే పేజీ ఒకటి ఉందన్నాడు. "పుట్టినరోజు అడుగుతోందండి. చెప్పండి."

నేను నోరు తెరవకముందే అత్తయ్య చెప్పేసింది. జాతకంలోని తేదీ. కోడలి జాతకం ఆవిడకు కంఠతా వచ్చు. కాదంది కంప్యూటర్. "బడిలో వేరే రాయించారా అమ్మా? మా ఇంట్లో అందరికీ అంతే" అన్నాడాయన. బడి తేదీ చెప్పాను. అదీ కాదంది.

"ఇక చూసి కొట్టాలండి. తప్పు మీద తప్పు కొడితే మొత్తానికే మూసేస్తుందేమో. సర్టిఫికెట్లో ఏముందో సరిగ్గా చూసుకుని రండి."

మూడో తేదీ నా గొంతులోనే ఉంది. పక్కన అత్తయ్య ఉంది. "సర్టిఫికెట్ రేపల్లెలో ఉంది, పొద్దున్నే వెళ్ళి తెస్తాను" అన్నాను. అది అబద్ధమే. సర్టిఫికెట్ నా పెట్టెలోనే ఉంది. నాకు కావలసింది అమ్మ.

పొద్దున పాసింజర్లో కిటికీ పక్కన కూర్చున్నానే గానీ ఏ స్టేషనూ కంటికి ఆనలేదు. ఆయన ఉన్నారా, లేరా? లేకపోతే దానికి కారణం ఓడా, నేనా? ఎదురుగా ఎవరో పూలబుట్టతో కూర్చుంటే, ఆ పూలు చూడలేక తల తిప్పుకున్నాను.

సంగతంతా చెప్పాక అమ్మ వంటింటి గడప మీదే కూలబడిపోయింది. "నేనే చేశానే. మంచి సంబంధం పోతుందని నా చేతులారా నేనే అతణ్ణి..." అని కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న పోయి ఏడాదయింది, ఆమెను ఓదార్చేవాళ్ళు కూడా లేరు.

కాస్త తేరుకుని నా చెయ్యి పట్టుకుంది. "ఆ తేదీ మాత్రం బయటపెట్టకే. అతనికి తెలియని తేదీ అతను ఎలా వేస్తాడు? ఎలాగూ తెరుచుకోదు. మీ అత్తగారి ముందు మాత్రం బయటపడిపోతావు. రేపు జరగరానిది జరిగితే నువ్వే మింగేశావంటారు. బతకనివ్వరమ్మా."

ఆమె అన్నది సబబే. ఆయనకు చెప్పిందీ, ఆయన నమ్మిందీ జాతకం తేదీనే. అయినా నాకు ఒళ్ళు మండింది. నా పుట్టుక నేను చెప్పుకోవడానికి ఇంత భయమా! "మూసుకుపోతే పోనీ. నాకు తెలిసిన తేదీ అదొక్కటే మిగిలింది. అది కూడా కొట్టి చూడకుండా చేతులు ముడుచుకుని కూర్చోలేను" అన్నాను. అమ్మ స్టేషను దాకా వచ్చి, బండి కదిలాక కూడా అలాగే నిలబడి ఉంది.

తెనాలిలో దిగేసరికి అత్తయ్య ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఎప్పుడు వచ్చి కూర్చుందో. "దొరికిందా?" అంది. తల ఊపాను. ఇంటికి కూడా వెళ్ళకుండా సెంటర్‌కే వెళ్ళాం.

"నేనే కొడతానండి" అన్నాను. ఆయన లేచి కుర్చీ ఇచ్చాడు. ఒక్కొక్క అంకే గట్టిగా నొక్కాను, పడిందో లేదో చూసుకుని మరొకటి. చివరికి కళ్ళు మూసుకుని నొక్కాను.

"తెరుచుకుందండి!" అన్నాడు వెనక నుంచి.

కొత్త పాస్‌వర్డ్ సెంటర్ ఆయనే పెట్టించాడు. లోపల మా ఆయన మెయిల్స్ వరసగా ఉన్నాయి. అన్నిటికంటే పైనున్నది, ఓడ మునిగిన రోజు తర్వాతది. తేదీ ఒకటికి రెండుసార్లు చదువుకుని, అత్తయ్యకు వినిపించేలా పైకి చదివాను.

"ఏంటిది, ఒక్కదానికీ జవాబు లేదు? మునిగింది మా ఓడ కాదు, నేను బాగున్నాను. మన తీరానికి తుఫాను వస్తుందని ఇక్కడ టీవీలో చూశాను. ఎదురింటి ఫోన్ కలవడం లేదు. మీకేమైందో తెలీక నాకు అన్నం సయించడం లేదు. ఒక్క మాట రాయి."

మా ఊళ్ళో నాలుగు చినుకులు పడి ఊరుకుందా తుఫాను. అత్తయ్య కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులోనే సెంటర్ ఆయన కాగితం, కలం అందించాడు. "ఏ తేదీకి తెరుచుకుందో రాసి దాచుకోండమ్మా. మళ్ళీ అవసరపడుతుంది. ఇంతకీ ఏ తేదీ అండి?"

చెప్పాను. పైకే చెప్పాను.

"ముందురోజా?" అంది అత్తయ్య.

రిక్షా ఎక్కాం. సంతోషం ఒక పక్క, భయం ఒక పక్క. ఆవిడే అడిగింది. "ఎన్నింటికి పుట్టావు?" చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసుకోవడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది.

"వాడికెవరు చెప్పారు?"

"తెలీదత్తయ్యా. ఒట్టు."

అప్పటికి నాకు నిజంగానే తెలీదు. పెళ్ళికి ముందే మా నాన్న ఒక్కరూ బాపట్ల వెళ్ళి, ఆయన గదిలో కూర్చుని అంతా చెప్పేశారట. "మా అమ్మకు చెప్పకండి, మీ ఆవిడకూ చెప్పకండి, నేను చేసుకుంటాను" అన్నారట ఆయన. ఆ సంగతి ఆయన సెలవుకు వచ్చాక విన్నాను.

ఇంటికి రాగానే అత్తయ్య కాళ్ళు కూడా కడుక్కోకుండా కాఫీ పెట్టింది. గ్లాసు నా ముందు పెట్టి నిలబడింది. ఇక మొదలవుతుందనుకుని తల వంచుకున్నాను.

"తాగి ఎదురింటికి వెళ్ళి మీ అమ్మకు ఫోన్ చెయ్యి. వాడు బాగున్నాడని చెప్పు" అంది. నేను లేచి గడప దాటబోతుంటే మళ్ళీ పిలిచింది.

"తేదీ సంగతి నాకు తెలిసిందని మాత్రం చెప్పకు. పాపం, హడలిపోతుంది."