రెండు పుస్తకాల మాంత్రికుడు

చిన్నప్పుడు మా ఊరు కూరెకుప్పలో అమ్మతో గనికి పోయి ఇనుపమన్ను జల్లెడ పట్టేదాన్ని. అందుకే నా బిడ్డ బడికి పోయే నాటికి గానీ నాకు అక్షరాలు రాలేదు. నిన్న పాత ట్రంకుపెట్టె తెరిస్తే ముందు ఆ ఎర్రదుమ్ము వాసన వచ్చింది. అడుగున నా రెండు బొమ్మల పుస్తకాలు ఉన్నాయి. లారీ అద్దం తుడవడానికి నాయన కొన్న చిత్తుకాగితాల్లో దొరికినవి.

ఒకటి నీలి అంగీ మాంత్రికుడిది. రెండోది చుక్కల మధ్య తిరిగే ఓడలది. ఆ ఓడల పుస్తకంలోనూ ఒక పేజీ మూలన, గుంపులో, అదే మాంత్రికుడు నిలబడి ఉంటాడు.

"నాయనా, ఈయప్ప ఈడికెట్ల వచ్చినాడు?" అని అప్పట్లో అడిగాను.

"పక్కపక్కన పెట్టింటివి కదమ్మా, దాటుకోని వచ్చింటాడు," అన్నాడు నాయన. ఆయనకూ చదువు రాదు.

నమ్మాను. నాయన ఖనిజం వేసుకొని ఓడరేవుకు పోయే ప్రతిసారీ ఓడల పుస్తకం లారీలో పెట్టి, మాంత్రికుడి పుస్తకం నా తలకింద ఉంచుకునేదాన్ని. ఘాట్‌లో నాయనకేమైనా అయితే మాంత్రికుడు ఇటు దాటొచ్చి చెబుతాడని నా ధైర్యం. కలలో లారీలు చుక్కల మధ్య ఎర్రదుమ్ము లేపుతూ పోయేవి, వాటి వెనక నీలి అంగీ ఎగిరేది.

నిన్న మొదటిసారి ఆ మూలనున్న అతని మాటలు చదివాను: "దారి తప్పి వచ్చాను. మా ఊరికి ఎటు పోవాలి?"

నాయనకు చదివి వినిపిస్తే నవ్వాడు. "అట్లయితే లారీలో ఆయప్పకి తోడు పోయింది నేనే కదమ్మా."

ఈ పొద్దున పెన్సిలు తీసుకొని, మాంత్రికుడి కాళ్ల దగ్గర బాణం గుర్తు వేసి, "కూరెకుప్పకు ఇటు రండి" అని రాశాను.