శారదమ్మ ఇంటి పాత సామాన్లు

డెబ్బై నాలుగులో కుప్పంలో కాపురం పెట్టేనాటికి శారదమ్మకున్న సామానంతా ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, పుట్టింటివాళ్లిచ్చిన రెండు బిందెలు. భర్త సుబ్రహ్మణ్యం తాలూకా ఆఫీసులో గుమాస్తా. గంగవరం పక్కన మెట్టసేద్యం చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి కాబట్టి ఆమెకు చేతులు ముడుచుకుని కూర్చోవడం తెలియదు. పక్కింటి తమిళవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ కాలు విరిగిన పేము కుర్చీని పెరట్లోనే వదిలేస్తుంటే అడిగి తెచ్చుకుంది. దానికి వేపకట్టెతో కాలు పెట్టించి, తెగిన పేము పీకేసి నులక అల్లింది. అంగట్లో టీపొడి వచ్చే చెక్కపెట్టెలు రెండు తెచ్చి, పాత చీరలు చుట్టి కుట్టి, కూర్చోవడానికి పీటలు చేసింది.

"ఎవరో పారేసింది మనకెందుకే?" అన్నాడు సుబ్రహ్మణ్యం.

"ఒకసారి కూర్చోని సూడండి. ఆమీట మాట్లాడండి."

కూర్చున్నాడు. ఆ మర్నాటి నుంచి పేపరు చదవాలంటే ఆ కుర్చీలోనే.

అయిదేళ్లకు పుంగనూరుకు బదిలీ అయింది. అక్కడ బజారు చివర ఖాదర్ వలి పాత సామాన్ల అంగడి ఉండేది. ముసలాయన. శారదమ్మ రెండోసారి వచ్చినప్పుడే ఆమె చూపు ఎక్కడ పడుతోందో కనిపెట్టాడు.

"మెరుపు సూసి కొనొద్దమ్మా. తట్టి సూడు. లోపల చెద ఉంటే బోలుగా పలుకుతాది. గోరుతో గీకు, వాసన సూడు. మంచి చెక్క ముసలిదైనా వాసన పోదు," అని దగ్గరుండి నేర్పించాడు. ఆయన భార్య జైనాబ్ చిరిగిన బట్టలతో బొంతలు కుట్టేది. ఆమె దగ్గర కూర్చుని శారదమ్మ కుర్చీలకు మెత్తలు కుట్టడం నేర్చుకుంది.

ఆ ఏడాదే ఊరిబయట ఒక పాత బంగళా పడగొట్టారు. దాని టేకు తలుపు రెక్క ఒకటి ఖాదర్ వలి అంగట్లో గోడకు ఆనించి ఉంది. దాని మీద వరసగా ఇత్తడి పూలు, అన్నీ నల్లబడిపోయి ఉన్నాయి. శారదమ్మ దాన్ని ఇంటికి చేర్పించి, చింతపండుతో పూలు తోమి, కిరసనాయిలు గుడ్డతో చెక్క తుడిచి, కొబ్బరినూనె పట్టించింది. వడ్రంగి చేత నాలుగు కాళ్లు పెట్టిస్తే పెద్ద బల్ల అయింది. దాని మీదే ఆమె ఇద్దరు ఆడపిల్లలూ అక్షరాలు దిద్దారు. దాని మీదే నలుగురూ అన్నాలు తిన్నారు. ఒకసారి పేరంటానికి వచ్చిన ఆఫీసరుగారి భార్య ఆ బల్లను వదల్లేక అరగంట కూర్చుంది. చేత్తో నిమిరి నిమిరి చూసింది.

ఎనభై మూడులో సుబ్రహ్మణ్యం హెడ్ గుమాస్తా అయి మదనపల్లెకు మారాడు. పదవితో పాటు ఆయనకు సిగ్గు కూడా వచ్చింది. తోటి ఉద్యోగుల ఇళ్లలో సోఫాలు చూసి వచ్చిన రోజు తన ఇంట్లో దేన్ని చూసినా మొహం ముడుచుకునేవాడు. శారదమ్మ పట్టించుకోలేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో కుప్పంలో ఉంటున్న ఆమె అక్క రంగనాయకమ్మ బావి దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. శారదమ్మ పిల్లల్ని తీసుకుని పోయి పదిహేను రోజులు చేసిపెట్టి, మధ్యాహ్నం బస్సుకు మదనపల్లె చేరింది. తలుపు తీసి వాకిట్లోనే నిలబడిపోయింది.

ముందుగదిలో ఎర్ర రెక్సిన్ సోఫా, మడతపెట్టే ఇనుప కుర్చీలు నాలుగు, మూలన ప్లాస్టిక్ పూలు. పేము కుర్చీ లేదు. టీ పెట్టెల పీటలు లేవు. తలుపు బల్ల ఉన్న చోట నాలుగు గుంటలు మాత్రం నేలలో మిగిలాయి. చిన్నపిల్ల "మన బల్ల ఏదిమా?" అని ఏడుపు మొదలుపెట్టింది.

సుబ్రహ్మణ్యం లోపలి నుంచి నవ్వుతూ వచ్చాడు. "బాగుండాదా? కొత్త ఆఫీసరు దంపతులు ఆదివారం భోజనానికి వస్తాండారు. ఆ పాత సామానంతా బండికి వేసేసినా."

"ఎవరినడిగి వేసినావు?"

పదేళ్ల కాపురంలో ఆమె ఆయన్ను నువ్వనడం అదే మొదలు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"అడిగేదేముండాది? ఎవురెవురో వాడి పారేసినయ్యి, చచ్చిపోయినోళ్లవి. నలుగురు వచ్చే ఇంట్లో అయ్యి పెట్టుకుంటే నా పరువేం కావాల?"

"పదేండ్లు వాటిమిందనే కూర్చొని తింటివే. అప్పుడు యాడ పోయింది నీ పరువు? ఆ బల్లకు నూనె పట్టిస్తా ఉంటే నా గోళ్లు ఊడిపోయినాయి. ఒక్క దినం ఒక్క గుడ్డముక్క పట్టినావా నువ్వు? నా సామాను అమ్మేదానికి నువ్వెవురు?"

"ఇంటి యజమానిని."

ఆ మాట విన్నాక శారదమ్మ మొహం కూడా కడుక్కోకుండా వీధిలోకి వచ్చి, పాత సామాన్లు కొని అమ్మే బండివాడు రసూల్ ఇల్లు కనుక్కుని అక్కడికి పోయింది.

రసూల్ ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. "ఇంట్లో ఆడోళ్లకు ఇష్టమేనా సార్ అని అడిగినానమ్మా. వాళ్లే తీసకపొమ్మన్నారు అన్నాడు. అన్నీ అమ్ముడుపోయినాయి. బల్ల ఒకటి గురప్ప హోటల్లో ఉండాది."

గురప్ప హోటలు వంటింట్లో ఆ బల్ల మీద ఒకడు పెద్ద కత్తితో ఉల్లిపాయలు కొడుతున్నాడు. టేకు మీద అడ్డదిడ్డంగా గాట్లు. ఇత్తడి పూలు కత్తికి తగులుతున్నాయని నాలుగింటిని పీకేసి ఉన్నారు. శారదమ్మ గురప్పను పిలిచి, బల్ల తిరిగి ఇచ్చేయమని అడిగింది.

"నేను కొనుక్కున్నా కదమ్మా," అన్నాడు గురప్ప. కసురుకోలేదు. "దొంగసొత్తు కాదే. మీ ఇంటాయనే అమ్మినాడు."

అతని మాటలో తప్పు లేదు. అదే ఆమెను ఇంకా మండించింది. కత్తి పట్టినవాడి మీద కోప్పడడానికి లేదు, కొన్నవాడి మీద లేదు, మోసినవాడి మీద లేదు. కోపమంతా ఒక్క మనిషి మీదే నిలిచింది. ఆ మనిషి సాయంత్రం సోఫాలో కాలు మీద కాలేసుకుని రేడియో వింటున్నాడు.

ఆదివారం ఆఫీసరు దంపతులు వచ్చారు. ఆవిడ నెల్లూరు మనిషి. ఎండకు రెక్సిన్ ఒంటికి అతుక్కుంటుంటే అటూ ఇటూ జరిగి, చివరకు అడిగేసింది. "పుంగనూరులో పనిచేసి వెళ్లిన ఆఫీసరుగారి భార్య మా బంధువే. మీ ఇంట్లో తలుపుతో చేసిన బల్ల ఉందట కదా. తప్పకుండా చూసి రమ్మంది. లోపలుందా?"

సుబ్రహ్మణ్యం గొంతు సవరించుకున్నాడు. "అది... పాతబడిపోతే..."

"పాతబడలేదమ్మా," అంది శారదమ్మ, చేతిలోని మంచినీళ్ల గ్లాసు ఆవిడకు అందిస్తూ. "నేను ఊర్లో లేనిది చూసి మా ఆయన అమ్మేసినాడు. మీరొస్తే పరువు పోతాదని అమ్మినాడు. ఇప్పుడు గురప్ప హోటల్లో దానిమింద ఉల్లిగడ్డలు కోస్తాండారు."

భోజనాల దగ్గర ఆఫీసరు పప్పు బాగుందని మూడుసార్లు అన్నాడు.

వాళ్లు వెళ్లాక సుబ్రహ్మణ్యం అరిచాడు, ప్లేటు విసిరాడు, నెలరోజులు మాట మానేశాడు. శారదమ్మ ఆ నెల ప్రశాంతంగా ఉంది. వెనకగది కడిగి సున్నం వేసుకుంది. కొత్తగా ఏ సామాను వచ్చినా ముందు తనకే చూపించమని రసూల్‌కు చెప్పింది. మరకల అద్దం, నీలం గాజు దీపం, చిలుము పట్టిన ఇత్తడి ఊయల గొలుసులు ఒక్కొక్కటే చేరాయి. గదికి తాళం పెట్టి, తాళంచెవి నడుముకు దోపుకుంది. ఆయన ఆ గడప తొక్కడానికి ఆమె ఒప్పుకోలేదు. తర్వాత ఆయన తప్పయిందన్నాడు, పిల్లల చేత కూడా చెప్పించాడు. విన్నది. తాళం మాత్రం తీయలేదు.

ఆ గది చూడడానికి వీధిలో ఆడవాళ్లు రావడం మొదలైంది. ఎనభై ఏడులో కొత్తగా కాపురానికొచ్చిన జహీరా అనే అమ్మాయి, "అక్కా, మా ఇంట్లో ఏమీ లేవు. రసూల్ దగ్గరికి నాతో వస్తారా?" అని అడిగింది.

"వస్తా. ముందు మీ ఆయన్ను పిలుసుకొనిరా."

"ఆయనెందుకక్కా? ఆయనకు ఇయ్యేం తెల్సు?"

"నువ్వు తెచ్చుకునేది నీదేనని, నీకు సెప్పకుండా తాకనని నా ముందర సెప్పాల. ఆమీట పోదాం."

జహీరా తమాషా అనుకుని నవ్వింది. శారదమ్మ నవ్వలేదు. గుమ్మంలోనే నిలబడి, ఆ అమ్మాయి పోయి మొగుణ్ణి తీసుకొచ్చేదాకా కదల్లేదు.