తన్నిన కాలు తిరిగి రావాలన్న మాస్టర్

మా కరాటే మాస్టర్ గురువారం ఉదయం పోయారు. గుండెపోటు అన్నారు. ముదిగుబ్బలో ఆయన ఇంటి ముందు, ఆయన దగ్గర నేర్చుకునే ఆడపిల్లలం చెప్పులు విప్పి ఒక పక్కగా నిలబడ్డాం. మాలో ఒకమ్మాయి నాయన మా వెనక నుంచి అన్నాడు: "ఇంక ఈ క్లాసు యాడుంటాది లేప్పా. మాస్టరే పోయినాక నేర్పేదెవరు?"

క్లాసు పొద్దున్నే, హైస్కూలు మైదానంలో. గోలు పోస్టుకు వేలాడదీసిన సంచిలో ఆయన ఇసుకకు బదులు బుడ్డల పొట్టు కూరేవారు. మా ఊళ్ళో వేరుశెనగ పొట్టుకు కొదవలేదు. అటు తిరిగి టీ తాగుతూ, మేం సంచిని తన్నే చప్పుడును బట్టే తప్పు పట్టేవారు.

"ఎవరు పాపా అది, కాలు సంచిలోనే మర్చిపోయింది? పొట్టు నలిగినట్ల ఇనపడతాంది. కరాటేలో తన్నిన కాలు ఎంటనే తిరిగి రావల్ల. లేకుంటే ఎదుటోడు పట్టుకుంటాడు."

నేను పదిమందిలో నోరు విప్పని పిల్లను. వేరే దేశాల, వేరే ఊళ్ళ యుద్ధవిద్యల గురించి చదివినవి ఆయనకొక్కరికే మెల్లగా చెప్పేదాన్ని. తైక్వాండోలో నిలబడిన పాదాన్ని బాగా తిప్పి, తల అందేంత ఎత్తుకు తంతారని. థాయ్ పద్ధతిలో పాదంతో కాదు, మోకాలి కింది ఎముకతో, నడుమంతా తిప్పి కొడతారని, కాలును వెనక్కి లాగకుండా దూసుకుపోనిస్తారని. కేరళవాళ్ళ కలరిలో మోకాలు మడవకుండా కాలు నుదుటి దాకా ఎగరేస్తారని చెప్పిన రోజు ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి ప్రయత్నించారు. తొడ పట్టేసి, సంచిని కౌగిలించుకున్నారు.

"నవ్వండి, నవ్వండి. పాపా, నువ్వు చేసి చూపీ."

చూపించాను.

"ఇప్పుడు నోటితో చెప్పు, అందరికీ."

తల వంచుకున్నాను.

"కాలు నుదురు దాకా పోతాది, గొంతు మాత్రం పెదవి దాటదు. ఏం పిల్లవమ్మా!"

అన్నిట్లో ఏది గొప్పదని ఎవరైనా అడిగితే విసుక్కునేవారు. "ఎదుటోడు ఎంత దూరంలో ఉండాడో చూడు ముందు. ఆ దూరానికి ఏది అందుతాదో అదే గొప్ప."

సోమవారం సంచిని విప్పి మాస్టర్ వాళ్ళింట్లో ఇచ్చేద్దామని మైదానానికి వెళ్ళాను. పిల్లలు యూనిఫాంలో వచ్చి ఉన్నారు. ఆ రోజు మా వెనక మాట్లాడిన నాయన బైకు దిగకుండానే కూతుర్ని పిలుస్తున్నాడు. "నేర్పేటోళ్ళు ఎవరూ లేరు కదమ్మా, పోదాం రా." ఆ అమ్మాయి నావైపు చూసింది.

సంచిని విప్పలేదు. ముందుకు వెళ్ళి "వరుసలో నిలబడండి" అన్నాను. చివరివాళ్ళకు వినపడలేదు. మళ్ళీ అన్నాను, ఈసారి అరిచినట్టుగా. ఆ నాయన బైకు ఇంజను ఆపాడు.

నేను గట్టిగా పెట్టే లెక్కకు కాళ్ళన్నీ ఒక్కసారే లేచాయి, ఒక్కసారే దిగాయి. ఎర్రటి దుమ్ము పిల్లల నడుముల దాకా లేచి, గాలి లేని ఆ పొద్దులో చాలాసేపు అక్కడే ఉండిపోయింది.