సవరణ: గోల్ హార్లన్‌ది కాదు

గోల్ కొట్టినవాడు చేతులెత్తి గంతులేస్తాడు. హార్లన్ వీబ్ మాత్రం గోల్ కొట్టిన మరుక్షణం రిఫరీ దగ్గరికి ఫిర్యాదు చెయ్యడానికి వెళ్లేవాడు. ఆటాడినన్నాళ్లూ ఆ ఫిర్యాదు ఒక్కటే.

"నాది కాదండీ."

బిర్చ్ క్రాసింగ్ ఊరి ఐస్ హాకీ జట్టు బ్యాడ్జర్స్‌లో హార్లన్ డిఫెన్స్ ఆటగాడు. నంబరు నాలుగు. జీతాలిచ్చి ఆడించే లీగుల్లో చిన్నది ఆ లీగు, అందులో పెద్దవాడు ఈ హార్లన్. తలుపులో పక్కకి తిరిగితేగాని పట్టడు. అంతటివాడు ఐసు మీద దూరంగా ఉన్న నీలిగీత దగ్గర్నించి కర్ర ఎత్తి కొడితే పక్ అనే ఆ రబ్బరు బిళ్ల నెట్‌లో పడి వలని వెనక్కి లాగేది. అప్పుడు మొదలయ్యేది అసలు ఆట.

"నా కర్ర నుంచి వచ్చిన మాట నిజమేనండీ. దారిలో ఇదిగో, ఈ అబ్బాయి కర్రకి రాసుకుంది. గోల్ వీడిది."

రిఫరీ మాత్రం ఏం చేస్తాడు? అప్పటికింకా వీడియో వేసి తేల్చుకునే రోజులు రాలేదు. రాని గోల్ నాదేనని పోట్లాడేవాళ్లని ఆయన వందమందిని చూశాడు. వచ్చిన గోల్ వద్దని బతిమాలేవాణ్ణి ఎలా కాదనాలో ఆయన చదివిన నిబంధనల్లో లేదు.

దీనివల్ల అందరికంటే ఎక్కువ అవస్థ పడింది ఒరెస్ట్ బాబియాక్. ఆయన వారమంతా గోధుమల గోదాములో తూకం చూసేవాడు. ఆట ఉన్న రోజున ఐసు రింకులో, తప్పు చేసిన ఆటగాణ్ణి కాసేపు కూచోబెట్టే పెనాల్టీ పెట్టె పక్కనున్న గాజుగదిలో కూచుని మైకు పట్టుకునేవాడు. ఆ గొంతు అలాంటిలాంటిది కాదు. సూప్ చల్లారిందని అన్నా తనకి రెండు నిమిషాలు పెనాల్టీ వేసినట్టే ఉంటుందని ఆయన భార్య స్టెఫీ అనేది.

హార్లన్ కొట్టినప్పుడల్లా ఒరెస్ట్ గుండెల నిండా గాలి పీల్చి, "బ్యాడ్జర్స్ గోల్! కొట్టినవాడు, నంబరు నాలుగు, హార్లన్... వీఈఈఈబ్!" అని ఎత్తుకునేవాడు. ఆ 'వీబ్' రేకుల కప్పుకి తగిలి తిరిగొచ్చేలోపే గాజు మీద టకటక. బయట రిఫరీ, ఆయన వెనకాల తల వంచుకుని హార్లన్.

ఒరెస్ట్ నిట్టూర్చి మళ్లీ మైకు నొక్కేవాడు.

"సవరణ..."

కొన్నాళ్లకి ఆ మాట ఆయన అనక్కర్లేకపోయింది. రిఫరీ గాజుగది వైపు తిరిగాడంటే చాలు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్మేసి రింకు రింకంతా ఒక్క గొంతుతో "సవరణ!" అని అరిచేది. ఆ జబ్బు ఊరికీ పాకింది. ఒక పెళ్లిలో ఫాదర్ పెళ్లికొడుకు పేరు తప్పు చదివితే వెనక వరసలన్నీ "సవరణ!" అన్నాయి. పెళ్లికూతురు కూడా అన్నదని స్టెఫీ చెప్పింది.

అలాగని హార్లన్ దేన్నీ తనదని ఒప్పుకోడనుకుంటే పొరపాటు. మనవైపు నెట్‌లో గోల్ పడితే అది మాత్రం అతనిదే. గోల్ కాసే గోలీ కాళ్ల సందులోంచి నత్తలా పాకుతూ పక్ లోపలికి పోయినా సరే, హార్లన్ కర్ర ఐసుకేసి కొట్టి, "నాదే! తప్పు నాదే!" అని రింకంతా వినబడేలా అరిచేవాడు. ఒకసారైతే పెనాల్టీ పెట్టెలో కూచుని అరిచాడు.

ఒరెస్ట్ ఉండబట్టలేక గాజు సందులోంచి తల పెట్టాడు.

"ఏమయ్యా! నువ్వు ఇక్కడ నా పక్కన కూచున్నావు. అక్కడ పడిన గోల్ తప్పు నీదెలా అవుతుంది?"

"ఇక్కడ కూచున్నాను కాబట్టే కదండీ పడింది."

"సరే, మొన్నటి సంగతి చెప్పు. నువ్వు కొట్టిన పక్ దారిలో పురుగైనా లేదు. ఎవడికి తగిలింది?"

"మీరు ఇటు నుంచి చూశారండీ."

"నువ్వెటు నుంచి చూశావు? నువ్వు కొట్టి బోర్లా పడ్డావు!"

"అందుకేనండీ. దగ్గర్నించి చూశాను."

ఇలాంటివాడితో ఎవరు నెగ్గగలరు? మంచు పడిన ప్రతి పొద్దునా మిసెస్ ఫ్రీసెన్ వాకిలి శుభ్రంగా ఉండేది. ముసలావిడ ఒకరోజు కాపు కాసి పట్టుకుంది. పార భుజాన వేసుకుని, మోకాలిదాకా మంచులో నిలబడి, "నేను కాదండీ," అన్నాడు హార్లన్.

సిగ్గరి, నలుగురూ చూస్తే చెవులు ఎర్రబడతాయి, అందుకే గోల్ వదిలించుకుంటున్నాడు అని ఒరెస్ట్ తీర్మానించుకున్నాడు. జాలిపడ్డాడు, విసుక్కున్నాడు. చివరికి హార్లన్ మోకాళ్లు మొరాయించి, ఆదివారం మధ్యాహ్నం లోన్ పైన్ జట్టుతో ఆడేదే తన ఆఖరి ఆట అని చెప్పేసరికి ఆయనకి దిగులు పట్టుకుంది. ఇన్నేళ్లు ఆడినవాడి పేరు పక్కన గోల్స్ గడిలో సున్నా ఉండబోతోంది. తన నోట ఆ పేరు ఒక్కసారైనా చెరపకుండా నిలవాలి. ఆయన కోరికల్లా అంతే. వారమంతా ఇంట్లో సాధన చేశాడు.

"వీఈఈఈబ్!"

"నా పేరు ఎప్పుడైనా అంత సాగదీసి పిలిచావా?" అంది స్టెఫీ.

ఆదివారం ఆటకి ముందు స్టెఫీ పెరోగీలు, అంటే బంగాళదుంప కూరిన కుడుములు, అమ్మే బల్ల దగ్గర ఒరెస్ట్ ఇదే గోడు వెళ్లబోసుకుంటున్నాడు. పక్కన నిలబడి పెరోగీలు తింటున్నవాడు రెనీ డెజార్లే. ఇప్పుడు లోన్ పైన్ కెప్టెన్. కుర్రతనంలో బ్యాడ్జర్స్‌కే ఆడాడు.

"ఆ పిచ్చివాడు ఇవాళ కూడా నాది కాదంటాడు, చూస్తూండు," అన్నాడు ఒరెస్ట్.

రెనీ నమలడం ఆపాడు.

"పెద్దాయనా, మీకింకా తెలీదా? నా మొదటి గోల్ గుర్తుందా?"

"లేకేం. సవరణతో చదివాను."

"ఆ పక్ లోపలికి పోయినప్పుడు నేనెక్కడున్నానో తెలుసా? నెట్ వెనకాల. కిందపడి హెల్మెట్ వెతుక్కుంటున్నాను."

"వెనకాలుంటే నీకెలా తగిలిందిరా?"

"తగల్లేదు, అదే కదా చెబుతున్నాను! సోమవారం నన్ను ఇంటికి పంపేద్దామని కోచ్ అనుకున్నాడు. జట్టంతటికీ తెలుసు. శనివారం గోల్ కొట్టినవాణ్ణి సోమవారం ఎలా పంపుతాడు? ఇంకో నెల ఉంచాడు. ఆ నెలలో నిజంగానే కొట్టడం మొదలెట్టాను. ఆనాడు హార్లన్ నాతో ఒక్కటే మాటన్నాడు: 'నోరు మూసుకుని చేతులెత్తు.'"

ఒరెస్ట్ చేతిలో కాఫీ చల్లారింది. తను చదివిన సవరణలు ఒక్కొక్కటే చెవుల్లో మోగాయి. బెంచీ మీద మగ్గిపోతున్న సాండర్సన్. ఇంటి మీద బెంగతో తిండి మానేసిన ఫిన్లాండ్ కుర్రాడు, అదీ వాళ్లమ్మా నాన్నా చూడ్డానికి వచ్చిన రోజున. తండ్రి పోయిన వారానికే ఆడిన మిక్‌లాష్. ఇన్నేళ్లూ ఎవరి పేరు చెరుపుతున్నానా అని బాధపడ్డాడేగాని, ఎవరి పేరు చదువుతున్నానో ఆలోచించలేదు.

"ఇవాళ ఎవడికి అంటగడతాడో?" అన్నాడు మెల్లిగా.

"మీవాళ్లలో ఇంకా గోల్ కొట్టనివాడు ఎవడు?"

"లైల్. కొత్తవాడు."

"వాడికే. నెట్ దగ్గర వాడు లేకుండా చూసుకోండి. అసలెవడూ లేకుండా చూసుకోండి. గోల్ మాత్రం మేము ఇవ్వం పెద్దాయనా, అడ్డంపడి చస్తాం. కాని పడిందా, అబద్ధం ఆడనివ్వం."

ఒరెస్ట్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆటగాళ్ల గదిలోకి తలదూర్చాడు. హార్లన్ బయట స్కేట్లకి పదును పెట్టించుకుంటున్నాడు. లోపల మాట చెప్పడానికి ఆట్టే సేపు పట్టలేదు. అక్కడున్నవాళ్లలో సగంమందికి ఆ గోల్స్ సంగతి ఎలాగూ సొంత అనుభవమే.

ఆఖరిదైన మూడో భాగంలో చెరి రెండు గోల్స్ మీద ఉండగా పక్ దొర్లుకుంటూ నీలిగీత దగ్గర హార్లన్ కర్రకి చేరింది.

"నెట్ ముందుకి పోండిరా!" అని అరిచాడు కోచ్ మెరిల్.

బ్యాడ్జర్స్ ఆటగాళ్లు, ఎదుటి నెట్‌కి నిప్పంటుకున్నట్టు, తలో దిక్కూ పరిగెత్తారు. ఒకడు మూలకి పోయి గోడని కరుచుకున్నాడు. ఇద్దరు సొంత గోలీ దగ్గరికే వెళ్లిపోయారు. లైల్ ఏకంగా బెంచీ గోడ దూకి లోపల పడి నీళ్ల సీసా అందుకున్నాడు. మెరిల్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

హార్లన్ అటు చూశాడు, ఇటు చూశాడు. పాస్ ఇద్దామంటే మనిషి లేడు. కర్ర ఎత్తి కొట్టాడు. రెనీ మాట నిలబెట్టుకుంటూ నిలువునా అడ్డంపడ్డాడు. పక్ ఆయన మీంచి ఎగిరి, గోలీ భుజం మీంచి దూసుకెళ్లి, వలని వెనక్కి లాగింది.

అలవాటు ప్రకారం హార్లన్ రిఫరీ దగ్గరికి వెళ్లాడు.

"నాది కాదండీ."

"మరెవరిది?" అన్నాడు రిఫరీ చేతులు కట్టుకుని.

హార్లన్ లైల్ కోసం వెతికాడు. లైల్ బెంచీ మీంచి సీసా ఎత్తి చూపించాడు.

"డెజార్లేకి తగిలింది."

"తగల్లేదు," అన్నాడు రెనీ ఐసు మీద నుంచే. "తగిలించుకోవాలని ఒళ్లు హూనం చేసుకున్నాను."

"గోలీకి..."

"తగిలుంటే ఆపేవాణ్ణి కదయ్యా!" అన్నాడు గోలీ ఏడుపుగొంతుతో.

"మరి... గాలికి..."

"గాలికి నంబరు లేదు," అన్నాడు రిఫరీ. గాజుగది వైపు తిరిగి తల ఊపాడు.

ఒరెస్ట్ గాలి పీల్చాడు. "బ్యాడ్జర్స్ గోల్! కొట్టినవాడు, నంబరు నాలుగు, హార్లన్... వీఈఈఈబ్!"

"సవరణ!" అంది రింకంతా, అలవాటు చొప్పున.

ఆయన మైకు మీంచి వేలు తియ్యలేదు. కేక సద్దుమణిగేదాకా ఆగాడు.

"సవరణ ఏమీ లేదు."

జనం లేచి నిలబడ్డారు. కుర్చీలు తన్నారు, పెరోగీ పళ్లేలు గాలిలోకి ఎగిరాయి. చెవులు బీట్‌రూట్ రంగుకి తిరిగిన హార్లన్‌కి ఎటు పోవాలో తెలీక, గబగబా వెళ్లి పెనాల్టీ పెట్టెలో కూచుని తలుపేసుకున్నాడు.

"నీకు పెనాల్టీ లేదు, బయటికి రా," అన్నాడు రిఫరీ.

"రెండు నిమిషాలు కూచోనివ్వండి సార్, మీకు పుణ్యముంటుంది."

ఆట ముగిసింది. మొదటి గోల్ పక్‌ని తెచ్చి తెల్ల టేపు చుట్టి కొట్టినవాడికివ్వడం అక్కడి ఆనవాయితీ. ఇన్నాళ్లూ ఆ పని హార్లనే చేసేవాడు. ఆరోజు లైల్ చేశాడు. ఆ తర్వాత ఒరెస్ట్ మైకు తీగ చుడుతూంటే గాజు మీద టకటక వినబడింది. మళ్లీ సవరణేనా అనుకున్నాడు. చూస్తే రిఫరీ లేడు, హార్లన్ ఒక్కడే ఉన్నాడు. సందులోంచి చెయ్యి పెట్టి పక్ బల్ల మీద ఉంచాడు.

"ఇది మీదండీ."

"నాదెలా అవుతుందయ్యా? నాది కాదు!"

ఆ మాట తన నోట వచ్చినందుకు ఒరెస్టే నాలిక కరుచుకున్నాడు. హార్లన్ మొహం ఇంత వెడల్పున విచ్చుకుంది.

"మీదేనండీ. దారిలో మీకు రాసుకుంది. నేను దగ్గర్నించి చూశాను."